పాత స్పోర్ట్స్ కారుకు దీపం వెతకడం

జంషెడ్‌పూర్‌లో కారు సామాను దొరకదంటే బయటివాళ్లు నమ్మరు. తర్వాత టాటా మోటార్స్‌గా మారిన టెల్కోను 1945లో టాటాలు పెట్టింది అక్కడే. 1954 నుంచి 1969 దాకా డైమ్లర్-బెంజ్ పొత్తుతో లారీలు కట్టిందీ అక్కడే. ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ. అక్కడ వెయ్యికి పైగా యూనిట్లుంటే చాలావాటికి బతుకుదెరువు బండ్ల భాగాలే. అయినా 1980ల నాటి పోర్షే 944కో, తొలితరం మాజ్డా ఎంఎక్స్-5కో హెడ్‌లైట్ పగిలిందంటే సాక్చి, బిస్టుపూర్, జుగ్‌సలాయ్ దుకాణాలన్నీ గాలించినా ఆ కారు పేరు విన్నవాళ్లే అరుదు.

కారణం తెలిసిందే. ఊళ్లోని ఫ్యాక్టరీలు లారీలకు, వేల లెక్కన, ఇవాళ నడుస్తున్న మోడళ్లకు సామాను చేస్తాయి. ఒక్క కారుకు ఒక్క దీపం చేసిపెట్టే పని ఎవరికీ గిట్టదు. అందుకే యజమాని చుట్టూ సలహాలు మూగుతాయి. అసలు కంపెనీ దీపమే తెప్పించమని ఒకరు, ఉన్నదాన్నే బాగుచేయించమని ఇంకొకరు, వేరే బండి దీపం తగిలించమని మరొకరు, ఇదంతా ఎందుకు ఎల్‌ఈడీ వేసుకొమ్మని కుర్ర మెకానిక్కు. త్రీడీ ప్రింటింగ్ వచ్చాక ఐదో దారి కూడా తోడైంది. అందరూ తమ మాటే సరైనదని గట్టిగా వాదిస్తారు, తమ అనుభవం మేరకు నిజమే చెబుతారు కూడా. చిక్కేమిటంటే ఒకరు 1965 కారును తలచుకుని మాట్లాడతారు, ఇంకొకరు 1998 కారును. దీపాల విషయంలో ఆ రెండూ వేర్వేరు లోకాలు.

మూడు తరాలు

మొదటి తరం సీల్డ్ బీమ్‌ది. 1940 మోడళ్లతో అమెరికా ఏడు అంగుళాల, అంటే 178 మిల్లీమీటర్ల, గుండ్రటి దీపాన్ని ప్రమాణంగా చేసింది. అద్దం, రిఫ్లెక్టర్, ఫిలమెంటు అన్నీ ఒకే ముద్ద. ఫిలమెంటు కాలితే మొత్తం మార్చేయాలి. 1950ల చివర ఐదుముప్పావు అంగుళాల నాలుగు దీపాల పద్ధతి, 1970ల మధ్యలో దీర్ఘచతురస్రాకారపు దీపాలు చేరాయి. అమెరికాకు వెళ్లిన పోర్షే 944లో ఉన్నది 200×142 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్రమే. ఎంత ఖరీదైన కారైనా అదే కొలత, ఎంత చవక కారైనా అదే కొలత.

రెండో తరం యూరప్‌ది. అద్దం, రిఫ్లెక్టర్ ఉండిపోతాయి, బల్బు ఒక్కటే మారుతుంది. 1962లో హెచ్1 హాలోజెన్ బల్బు వచ్చింది. 1971లో వచ్చిన హెచ్4 ఒకే బల్బులో డిమ్మునూ బ్రైటునూ కలిపింది. ఏడు అంగుళాల గుండ్రటి గిన్నెలోనే ఇదీ ఇమిడింది కాబట్టి మొదటి తరం దీపానికి రెండో తరం దీపం ప్రత్యామ్నాయం కాగలిగింది.

అసలు ఇబ్బంది మూడో తరంతో మొదలైంది. 1983లో అమెరికా నిబంధనలు సడలించింది. 1984 మోడల్ లింకన్ మార్క్ 7 ఆ దేశంలో కారు ముక్కు ఆకారానికి తగ్గట్టు మలిచిన దీపాలతో వచ్చిన తొలి కారు. 1990లు గడిచేసరికి గాజు స్థానంలో పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ కుదురుకుంది. అప్పటినుంచి ప్రతి మోడలుకూ తన సొంత దీపమే. కుడిది ఎడమకు పనికిరాదు, నిరుడు వచ్చిన మోడలుది ఈ ఏడు మోడలుకు కూర్చోదు.

ఫలితం వింతగా ఉంటుంది. 1968 నాటి ఎంజీబీకి హెడ్‌లైట్ దొరకడం సులువు, 1998 నాటి కారుకు కష్టం. కొత్త కారే కదా దొరుకుతుందిలే అనుకుని 1990ల స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లకు ఈ సంగతి దీపం పగిలాకే తెలుస్తోంది.

దీపం చేసింది కారు కంపెనీ కాదు

వెతుకులాట చాలాసార్లు తప్పు పేరుతో మొదలవుతుంది. కారు పేరు చెప్పి దీపం అడుగుతారు. కానీ దీపాలు చేసేది దీపాల కంపెనీలు: బ్రిటన్‌లో లూకాస్, జర్మనీలో హెల్లా, బాష్, ఇటలీలో కారెల్లో, ఫ్రాన్స్‌లో సిబియే, జపాన్‌లో కొయిటో, స్టాన్లీ. ఒకే దీపాన్ని ఈ కంపెనీలు అరడజను కార్లకు అమ్మేవి. కొద్ది సంఖ్యలో తయారయ్యే స్పోర్ట్స్ కారుకు సొంత దీపం అచ్చు పోయించడం తలకు మించిన ఖర్చు, అందుకే అవి మామూలు కార్ల దీపాలనే అరువు తెచ్చుకున్నాయి.

ఇందులో ఎంత పెద్ద పేర్లున్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. లాంబోర్గినీ మియురాకు కనురెప్పల్లాంటి అందం తెచ్చిన దీపాలు ఫియట్ 850 స్పైడర్‌వి. అదే కంపెనీ డయాబ్లో 1999లో రూపు మార్చుకున్నప్పుడు నిస్సాన్ 300జెడ్‌ఎక్స్ హెడ్‌లైట్లు తెచ్చుకుంది. ఆస్టన్ మార్టిన్ డీబీ7 వెనక వెలిగేది మాజ్డా 323ఎఫ్ టెయిల్ లైట్. జాగ్వార్ ఎక్స్‌జే220కి రోవర్ 200 కారుది. 1987 తర్వాతి లోటస్ ఎస్ప్రీకి టయోటా కరోలా ఏఈ86ది. లాంబోర్గినీ పేరుతో వెతికితే ఆస్తులమ్మాల్సిన భాగం ఫియట్ పేరుతో అందుబాటు ధరకు దొరికిన రోజులున్నాయి. ఆ రహస్యం అందరికీ తెలిశాక ఫియట్ దీపం ధర కూడా పెరిగిందన్నది వేరే సంగతి.

కాబట్టి అనుభవజ్ఞులు ముందు అద్దం మీద చూస్తారు. వృత్తంలో ‘ఇ’ అక్షరం, పక్కన దేశపు అంకె ఉంటే యూరప్ ఆమోదం: 1 జర్మనీ, 2 ఫ్రాన్స్, 3 ఇటలీ, 11 బ్రిటన్. ‘డాట్’, ‘ఎస్‌ఏఈ’ అక్షరాలుంటే అమెరికా. పక్కనే దీపాల కంపెనీ పేరు, దాని సొంత నంబరు. ఆ నంబరే అసలు చిరునామా. కారు కంపెనీ కేటలాగు నుంచి భాగాన్ని తీసేసిన పదేళ్ల తర్వాత కూడా దీపాల కంపెనీ నంబరు మీద సరుకు బయటపడిన సందర్భాలున్నాయి.

మన దేశానికి ఈ సూత్రం ఇంకా బాగా పనికొస్తుంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మహీంద్రా జీపు, మారుతి జిప్సీ అన్నింటిదీ ఏడు అంగుళాల గుండ్రటి దీపమే. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌దీ అదే. ఆ హెరాల్డ్ పునాది మీదే ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు పుట్టింది. స్పిట్‌ఫైర్, ఎంజీబీ, డాట్సన్ 240జెడ్, జాగ్వార్ ఇ-టైప్, తొలి ఎంఎక్స్-5 అన్నీ ఏడు అంగుళాల కుటుంబమే. జైపూర్‌లో తయారయ్యే ఏడు అంగుళాల హెచ్4 దీపాలను అమెరికాలోని పాత కార్ల యజమానులు తెప్పించుకుంటారు. అంటే జంషెడ్‌పూర్ మనిషి అమెరికా నుంచి రప్పించాలనుకునే దీపం అక్కడికి రాజస్థాన్ నుంచే వెళ్లి ఉండవచ్చు.

రోడ్డుకు ఎడమ పక్క

ఈ చర్చ మొత్తంలో ఎక్కువ నష్టం చేసే అజ్ఞానం ఒకటుంది. డిమ్ వెలుగు నేరుగా, సమానంగా పడదు. రోడ్డు అంచు, నడిచేవాళ్లు కనబడాలని ఒక పక్కకు కొంచెం పైకి లేస్తుంది. మన దేశంలో అది ఎడమకు లేవాలి. అమెరికా, జర్మనీ, ఫ్రాన్స్ దీపాల్లో కుడికి లేస్తుంది. అలాంటి దీపాన్ని ఇక్కడ పెడితే పైకి లేచే ఆ వెలుగు తిన్నగా ఎదురొచ్చే లారీ డ్రైవరు కళ్లలో పడుతుంది. దీపం ఒరిజినలే, డబ్బూ బాగానే పోసి ఉంటారు, అయినా అది ఈ రోడ్డుకు ప్రమాదకరం.

అద్దం మీది గీతల్లోనే ఈ మలుపు అచ్చయి ఉంటుంది కాబట్టి తిప్పి బిగించినా లాభం లేదు. యూరప్ ప్రమాణం దీపాల్లో గుర్తు పట్టడం సులువే. దీపం ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు కుడివైపు తిరిగిన బాణం ఉంటే అది ఎడమ పక్కన నడిచే దేశాలది. బాణం లేకపోతే కుడి పక్క దేశాలది. రెండు వైపులా మొనలున్న బాణమైతే రెండింటికీ సరిపోయేలా చేసింది. ప్రొజెక్టర్ రకాల్లో మాత్రం లోపలి తెర ఈ పని చేస్తుంది. కొన్నింటిలో దాన్ని మార్చే చిన్న మీట కూడా ఉంటుంది.

ఈ ఒక్క సంగతి వల్ల వెతకాల్సిన పటమే మారిపోతుంది. జర్మనీ ఎంత మంచి మార్కెట్ అయినా, అమెరికాలో సరుకు ఎంత దండిగా ఉన్నా, హెడ్‌లైట్ కోసం మనవాళ్లు చూడాల్సింది బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా వైపు. టెయిల్ లైట్లకు, ఇండికేటర్లకు ఈ బెడద లేదు, అయితే అమెరికా మోడళ్లలో వెనక ఇండికేటర్ ఎర్రగా ఉండవచ్చు. ఇక్కడ పసుపు రంగే ఉండాలి.

అసలుదా, బాగుచేసిందా, అరువుదా

అసలు భాగమే కావాలనే వర్గం మాటకు విలువ ఉంది. అద్దపు గీతలు, రిఫ్లెక్టర్ వంపు, బల్బు కూర్చునే చోటు మూడూ కలిపి లెక్కగట్టి చేసినవి. ఒకటి మారితే వెలుగు చెదురుతుంది. పైగా కారు పోటీకో ప్రదర్శనకో వెళితే న్యాయనిర్ణేతలు అద్దం మీది పేరు కూడా చదువుతారు. స్టేట్స్‌మన్ పత్రిక 1968 నుంచి కోల్‌కతాలో నడుపుతున్న పాత కార్ల ర్యాలీ జంషెడ్‌పూర్‌కు నాలుగైదు గంటల దూరమే.

అయితే ఈ దారికి ఖర్చు మోపెడు. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకాన్ని వస్తువు ధర మీద మాత్రమే కాక రవాణా, బీమా కలిపిన మొత్తం మీద వేస్తారు, ఆపైన జీఎస్టీ. బరువైన గాజు దీపానికి రవాణాయే వస్తువు ధరను మించవచ్చు. పగిలి వస్తే వెనక్కి పంపడం ఇంకో ప్రయాణం. 2001 ఏప్రిల్‌లో దిగుమతుల పరిమాణ ఆంక్షలు ఎత్తేసేదాకా ఈ మాత్రం దారి కూడా ఉండేది కాదు. అప్పటిదాకా పాత విదేశీ కారు నడిచిందంటే ఊళ్లోని మెకానిక్కు చేతి చలవే.

ఆ మెకానిక్కుల వారసులే బాగుచేత వర్గం. వాళ్ల మొదటి మాట పాటించదగ్గది: దీపాన్ని నిందించే ముందు వైరింగు చూడాలి. బల్బు దగ్గర వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. నలభై ఏళ్ల స్విచ్చు, తుప్పు పట్టిన ఎర్తు, సన్నబడిన తీగ కలిసి ఆ పది శాతాన్ని సులువుగా తినేస్తాయి. మంచి తీగతో ఒక రిలే వేస్తే చాలా కార్లకు కొత్త దీపం అవసరమే ఉండదు. బదులుగా 60/55 వాట్ల చోట 100/90 వాట్ల బల్బు వేస్తే హోల్డరు కరుగుతుంది, రిఫ్లెక్టర్ మాడుతుంది. మరమ్మతుకు వచ్చే దీపాల్లో చాలావాటిని ముందు ఇలాగే పాడుచేసి ఉంటారు.

రిఫ్లెక్టర్ నల్లబడితే ఏం చేయాలన్నది ఈ వర్గంలోనే తగాదా. ఊళ్లో క్రోమ్ పూత వేసేవాళ్లు దొరుకుతారు, కంటికి తళతళలాడుతుంది కూడా. కానీ క్రోమ్ మూడింట రెండు వంతుల వెలుగే తిప్పి పంపుతుంది. అల్యూమినియం తొంభై శాతానికి దగ్గరగా పంపుతుంది. వెండి ఇంకా మెరుగు, అయితే గాలిలో గంధకం ఉండే పారిశ్రామిక పట్టణంలో అది త్వరగా నల్లబడుతుంది. సరైన మందు శూన్యంలో అల్యూమినియం ఆవిరి పట్టించడం. అది సీసా మూతలకు, ప్లాస్టిక్ అలంకరణ సామానుకు కూడా చేసే పనే కాబట్టి అలాంటి యూనిట్‌ను పట్టుకుని ఒప్పించవచ్చు. పూతకు ముందు ఇసుక కాగితంతో ఎక్కువ రుద్దితే మాత్రం గిన్నె వంపు చెడి, పూత ఎంత బాగున్నా వెలుగు ఒక చోట నిలవదు.

పసుపెక్కిన పాలీకార్బొనేట్ సంగతి చిన్నదే. 800 నుంచి 2000 దాకా నంబరు కాగితంతో నీళ్లు పోసి రుద్దితే తెల్లబడుతుంది. ఆ రుద్దుడుతో పై రక్షణ పొర కూడా పోతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే పూత మళ్లీ వేయకపోతే కొన్ని నెలల్లోనే పసుపు తిరిగొస్తుంది. టూత్‌పేస్ట్ చిట్కా అందుకే నిలవదు.

అరువు దీపాల వర్గానికి ఏడు అంగుళాల కుటుంబమే బలం. అందులోనూ ఒక మెలిక ఉంది. సీల్డ్ బీమ్ వెనక పెద్దగా ఏమీ పొడుచుకురాదు, హెచ్4 దీపం వెనక బల్బు, కనెక్టరు, రబ్బరు తొడుగు పొడుచుకొస్తాయి. పైకి లేచి కిందకు మునిగే దీపాలున్న కార్లలో ఆ తోక గిన్నెకు తగలవచ్చు. కొలిచి కొనాలి.

మునిగే దీపాల ప్రస్తావన వచ్చింది కాబట్టి వాటి మోటార్లు. 1936లో కార్డ్ 810తో మొదలైన ఈ వేషం 2004లో షెవర్లే కార్వెట్, లోటస్ ఎస్ప్రీలతో ముగిసింది. ఇప్పుడు వాటిలో చాలాసార్లు చెడేది దీపం కాదు, మోటారులోని చిన్న నైలాన్ పళ్లచక్రం, దాని బుష్షులు. లేత్ మెషీన్ల ఊరైన ఆదిత్యపూర్‌కు ఇది ఒక పూట పని. ఇత్తడితో చేయించాలని కొందరు పట్టుబడతారు. కానీ దీపం ఇరుక్కున్నప్పుడు ముందు విరగాల్సింది చవకైన చక్రమే. ఇత్తడిది విరగదు, బదులుగా మోటారు కాలిపోతుంది. నైలాన్ చక్రమే మేలు, అరిగితే ఇంకోటి చేయించుకోవచ్చు.

ఎల్‌ఈడీ తగువు

అన్నింటికంటే వేడిగా నడిచే వాదన ఇది. ఎల్‌ఈడీ తక్కువ కరెంటు లాగుతుంది, పాత వైరింగుకు ఉపశమనం, తెల్లటి వెలుగు. ఇవన్నీ నిజాలే. కానీ హాలోజెన్ గిన్నెను సన్నటి ఫిలమెంటు ఉండే కచ్చితమైన బిందువును లెక్కేసి మలిచారు. ఎల్‌ఈడీ చిప్పులు పలకకు రెండు పక్కలా ఉంటాయి, మందం వేరు, దూరం వేరు. వెలుగు పెరిగినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే అది బంపరు ముందు నాలుగడుగుల మేర దట్టంగా పడుతుంది. దూరాన అవసరమైన చోట పలచబడుతుంది. మిగిలింది ఎదుటివాళ్ల కళ్లలోకి.

ఈ తగువులో మధ్యేమార్గం ఉందని జర్మనీ చూపించింది. 2020లో అక్కడ ఓస్రామ్ ఎల్‌ఈడీ బల్బుకు తొలిసారి రోడ్డు అనుమతి ఇచ్చారు, అదీ పరీక్షించి చూసిన కార్ల జాబితాకే. బల్బును, దీపాన్ని జతగా పరీక్షించాలన్న సూత్రం అందులో ఉంది. మన బజారులో ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అని అమ్మే ఎల్‌ఈడీకి అలాంటి పరీక్ష లేదు. ఏడు అంగుళాల పూర్తి ఎల్‌ఈడీ దీపం, సొంత లెన్సుతో, ఎడమ పక్క ప్రమాణంతో వచ్చేది అయితే సాంకేతికంగా అభ్యంతరం తగ్గుతుంది. మిగిలేది రూపం గొడవ. 1960ల ముఖానికి ఆ నల్లటి గాజుకన్ను నప్పదనేవాళ్ల మాటను తీసిపారేయలేం.

కొత్తగా చేయించడం

తయారీ వర్గానికి అండగా పెద్ద కంపెనీలే కొన్ని కదిలాయి. నిస్సాన్ 2017లో ఆర్32 జీటీ-ఆర్‌కు పాత భాగాలు మళ్లీ చేయడం మొదలెట్టింది. మాజ్డా అదే ఏడాది తొలి ఎంఎక్స్-5కు పునరుద్ధరణ పథకం తెచ్చింది. టయోటా పాత సుప్రాలకు మళ్లీ చేసిన భాగాల జాబితాలో ఏ80 మోడల్ హెడ్‌లైట్లు కూడా ఉన్నాయి. బ్రిటన్‌లో 1975లో పుట్టిన బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ 1988కల్లా ఎంజీబీ బాడీనే కొత్తగా అందించింది.

మన దేశపు పాత కార్లకు అలాంటి అండ లేదు. నాలుగు గుండ్రటి దీపాల కాంటెస్సా 2002లో ఆగిపోయింది. గోవాలో పుట్టిన రెండు సీట్ల సాన్ స్టార్మ్ చేసినవే కొన్ని. అంబాసిడర్ పేరును 2017లో ప్యూజో 80 కోట్లకు కొన్నది; పేరు చేతులు మారినంత మాత్రాన పాత దీపాలు తయారవవు.

ఇక్కడే జంషెడ్‌పూర్‌కు ఉన్న బలం గుర్తించాలి. గమ్హారియాలోని ఇండో డానిష్ టూల్ రూమ్ అచ్చులు చేయడం నేర్పే సంస్థ. చుట్టూ అచ్చుపని తెలిసినవాళ్లు, సీఎన్‌సీ యంత్రాలు. దీపం బిగించే బ్రాకెట్టు, సర్దుబాటు మర, అంచు రింగు, పళ్లచక్రం ఇవన్నీ ఇక్కడ చేయించదగ్గవి. త్రీడీ ప్రింటింగ్‌లో పదార్థం ఎంపికే కీలకం: చవకైన పీఎల్‌ఏ అరవై డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, హాలోజెన్ వేడికి నిలవదు.

హెడ్‌లైట్ అద్దం మాత్రం వేరు. ప్రింటు పొరల్లో వెలుగు చెదురుతుంది. ఇంజెక్షన్ అచ్చు పోయిస్తే ఖర్చు లక్షల్లో; నలుగురు యజమానులకు అది గిట్టదు, దేశమంతటి యజమానులు కలిస్తే ఆలోచించవచ్చు. టెయిల్ లైట్ అద్దాన్ని సిలికాన్ మూసలో రంగు రెసిన్‌తో పోయడం చిన్న షెడ్డులోనూ సాధ్యమే. దానిలోని రిఫ్లెక్టర్ భాగంలో ఉండే సన్నటి పట్టకాల కోణాలు చేతిపోతలో నిలవడం కష్టం. ఆపి ఉన్న కారును వెనక వచ్చేవాడికి చూపించేది ఆ భాగమే కాబట్టి విడిగా ఆమోదం ఉన్న రిఫ్లెక్టర్ బిగించుకోవడం మంచిది.

పాతసామాన్ల బజార్లు

జంషెడ్‌పూర్‌కు దగ్గరి పెద్ద బజారు కోల్‌కతా మల్లిక్ బజార్. ఊళ్లోని తెలుగు కుటుంబాలకు ఇంకో దారి కూడా ఉంది: టాటానగర్ నుంచి విశాఖ మీదుగా బంధువుల ఊళ్లకు వెళ్లే రైలు. గాజువాక ఆటోనగర్, 1960ల్లో మొదలైన విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్‌లో పుత్లీబౌలి, ఇంకా కిందకు వెళితే చెన్నై పుదుపేట. మేస్త్రీకి పగిలిన దీపాన్నే చేతికిచ్చి చూపిస్తే, కారు పేరు తెలియకపోయినా దాని జోడీ ఏ బండిదో చెప్పగలిగేవాళ్లు ఈ బజార్లలో ఉన్నారు. వాళ్ల జ్ఞాపకమే ఇక్కడ కేటలాగు.

జాగ్రత్త కూడా కావాలి. మీరట్‌లోని సోతీగంజ్ బజారును దొంగ బండ్లు కోసి అమ్ముతున్నారన్న కేసుల మీద 2021 డిసెంబరులో పోలీసులు మూయించారు. దొంగ సొత్తని తెలిసి కొంటే కొన్నవాళ్లదీ నేరమే. బిల్లు ఇవ్వని చోట చవక దీపం కొనకపోవడమే క్షేమం.

ఎవరికి ఏది నప్పుతుంది

1970కి ముందు కారు, గుండ్రటి దీపం అయితే తొందర అక్కర్లేదు. రోజూ తిప్పేందుకు దేశంలో దొరికే హెచ్4 దీపం, రిలే. అసలు దీపాన్ని గుడ్డలో చుట్టి ప్రదర్శనలకు దాచుకోవాలి. 1970లు, 80ల మునిగే దీపాల కార్లకు గాజుకంటే మోటారు, చక్రాలు, వైరింగు మీద డబ్బు పెట్టడం తెలివైన పని. 1990ల పాలీకార్బొనేట్ దీపాలకు మరమ్మతే మొదటి వరుస, పగిలిపోతే జపాన్ లేదా బ్రిటన్ నుంచి సెకండ్ హ్యాండ్ దీపం రెండో వరుస. పాడైనదాన్నీ పారేయకూడదు, దాని చెవులు, క్లిప్పులు తర్వాతి మరమ్మతుకు కావాలి. అరుదైన టెయిల్ లైట్లకు మాత్రం చేతిపోతే చాలామందికి మిగిలిన దారి.

ఏ దారి పట్టినా చివరి పరీక్ష ఒకటే. చదునైన చోట గోడకు పది మీటర్ల దూరంలో కారు నిలిపి డిమ్ వేయాలి. వెలుగు పై అంచు దీపం మధ్య ఎత్తుకంటే సుమారు పది సెంటీమీటర్లు కిందుండాలి, ఎడమకు మాత్రమే లేవాలి. ఈ పరీక్షలో ఓడిన ఒరిజినల్ దీపంకంటే గెలిచిన అంబాసిడర్ దీపం ఏ రాత్రయినా మేలు.

తేలనివి

మొదటిది చట్టం. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరిస్తూ చెప్పింది. సీల్డ్ బీమ్ తీసి అదే కొలత హెచ్4 వేస్తే అది మార్పా, మరమ్మతా? తయారీదారే మూతపడిన కారుకు ‘తయారీదారు ప్రమాణం’ ఎవరు చెప్పాలి? 2021 జులై నిబంధనలు యాభై ఏళ్లు దాటిన కార్లకు ‘వీఏ’ అక్షరాలతో విడి రిజిస్ట్రేషన్ ఇచ్చాయి. పదేళ్లకు 20,000 రూపాయలు, ఆ తర్వాత 5,000. అసలు రూపం చెడకూడదన్నాయి. చాసిస్, బాడీ, ఇంజిన్ మార్పుల మాట ఉంది గానీ దీపాల ఊసు లేదు.

1980ల, 90ల కార్లకు ఆ గౌరవం కూడా ఇంకా రాలేదు. అవి పదిహేనేళ్లు దాటిన మామూలు పాత బండ్ల కిందే లెక్క. పునర్నమోదు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కు, దిగుమతి కార్లకు 40,000కు పెరిగింది. ఆటోమేటిక్ పరీక్షా కేంద్రాల్లో యంత్రమే హెడ్‌లైట్ వెలుగును కొలుస్తోంది కాబట్టి మేస్త్రీ మాటతో గట్టెక్కే రోజులు పోతున్నాయి. దీపాల విషయంలో ఇది మంచికే.

రెండోది హక్కులు. స్పేర్ పార్టులను బహిరంగ మార్కెట్‌కు అందనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు 2,544.65 కోట్ల జరిమానా వేసింది. అందులో పెద్ద వాటా టాటా మోటార్స్‌ది. కంపెనీలు దాన్ని సవాలు చేశాయి. 2022 డిసెంబరులో కేంద్రం మరమ్మతు హక్కు పోర్టల్ తెచ్చింది, బండ్లు కూడా దాని పరిధిలోవే. అయితే రెండూ తయారవుతున్న భాగాల గురించినవి. తయారీ ఆగిన భాగాన్ని ఇంకొకరు చేసుకోవచ్చా అన్నదానికి డిజైన్ల చట్టంలో కొంత జవాబుంది: రక్షణ గరిష్ఠంగా పదిహేనేళ్లే. 1995 దీపం ఆకారాన్ని కాపీ చేయడానికి డిజైన్ హక్కు ఇక అడ్డు కాదు, దాని మీది కంపెనీ పేరు ముద్రిస్తే మాత్రం ట్రేడ్‌మార్క్ ఉల్లంఘనే.

మూడోది సరఫరా. 2021 తుక్కు విధానం తర్వాత పాత బండ్లు రిజిస్టరైన కేంద్రాలకు వెళ్తున్నాయి. టాటా మోటార్స్ పేరుతోనే జైపూర్, భువనేశ్వర్, సూరత్, చండీగఢ్‌ల్లో అలాంటివి తెరుచుకున్నాయి. మల్లిక్ బజార్ మేస్త్రీ విప్పే కారుకూ, యంత్రం నలిపే కారుకూ తేడా ఉంది: మొదటిదాంట్లో దీపం బతుకుతుంది. ఆ కేంద్రాలు దీపాలను విప్పి, నంబరు రాసి, బిల్లుతో అమ్మగలిగితే దొంగసొత్తు భయం లేని బజారు ఏర్పడుతుంది. అటువైపు అడుగులు ఎంత త్వరగా పడతాయో చూడాలి, ఎందుకంటే ఏడు అంగుళాల కుటుంబం కూడా చిన్నబోతోంది. ముంబయి రోడ్ల మీద పద్మిని టాక్సీల ఆయుష్షు 2023 అక్టోబరుతో తీరింది. కోల్‌కతాలో పదిహేనేళ్లు నిండిన పసుపు అంబాసిడర్లు ఒక్కొక్కటే తప్పుకుంటున్నాయి. ఆ టాక్సీలు కొన్నన్నాళ్లూ గుండ్రటి గాజు దీపం చవకగా దొరికింది. ఇక దాని అచ్చులు నడవాలంటే ఆసరా బుల్లెట్లు, జీపులు, విదేశీ ఆర్డర్లే.